ఆగితే వేడెక్కే బండి, వేడివ్వని హీటరు

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ సొంతూరు మదనపల్లె. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, బడికెళ్లే పిల్లలిద్దరు. రెండేళ్ల కిందట వాళ్ల నాన్నగారు చూపు మందగించి డ్రైవింగ్ మానేస్తూ తన పెట్రోల్ కారును కూతురికి ఇచ్చారు. 11 ఏళ్ల బండి, 92,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్నటి ఎండాకాలం నుంచి టిన్ ఫ్యాక్టరీ దగ్గరో, సిల్క్ బోర్డు దగ్గరో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. బండి కదిలి కాస్త వేగం అందుకుంటే దానంతటదే దిగుతోంది. ఏసీ కూడా అంతే. నడుస్తుంటే చల్లగా ఉంటుంది, సిగ్నల్లో ఆగితే ఉక్కపోత.

ఇంటి దగ్గరి మెకానిక్, ఇంజన్ వేడిని బట్టి నీళ్లని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ అనే వాల్వ్‌ని పీకేసి, ‘మన ఊళ్లకి ఇది అక్కర్లేదు మేడమ్’ అన్నాడు. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తగ్గితే దాని బదులు కుళాయి నీళ్లు పోశాడు. అప్పటి నుంచి నాలుగైదు రోజులకోసారి ఆవిడే అర లీటరు దాకా నీళ్లు పోస్తున్నారు. ఇప్పుడు వానలు మొదలయ్యాయి. పొద్దున పిల్లల్ని బడిలో దింపేటప్పుడు ముందద్దానికి లోపల ఆవిరి పట్టేస్తోంది. హీటర్ పెడితే చల్లగాలే వస్తోంది. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం కాస్త వెచ్చబడుతోంది. ఓ పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే బానెట్ ఎత్తి చూసి, హెడ్ గాస్కెట్ (ఇంజన్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య లీకు కాకుండా బిగించే పలక) పోయింది, ఇంజన్ విప్పాలి, 38,000 అవుతుంది అన్నారు. ఏం టెస్ట్ చేశారని అడిగితే ‘చూస్తే తెలిసిపోతుంది, సార్‌ని తీసుకురండి, ఆయనకి చెప్తాం’ అన్నారట.

ఆ రాత్రి భర్త, ‘మీ నాన్న వదిలించుకోవడానికే నీకిచ్చాడు, అమ్మి పారేద్దాం’ అన్నారు. ఆ మాట ఆవిడకి బాగా గుచ్చుకుంది. వచ్చే నెల తమ్ముడి కొడుక్కి తిరుమలలో పుట్టువెంట్రుకలు. ఇదే బండిలో మదనపల్లె వెళ్లి, అమ్మానాన్నల్ని ఎక్కించుకుని కొండకి పోవాలని ఎప్పుడో అనుకున్నారు. నాన్నకి ఇంకా ఏమీ చెప్పలేదు. ‘బాగు చేయించాలా, అమ్మేయాలా, నాన్నతో ఏమని చెప్పాలి, కొండకి ఈ బండి పనికొస్తుందా’ అని అడుగుతున్నారు.

మెకానిక్‌లు చెప్పింది పక్కన పెట్టి, మీరు స్వయంగా చూసి రాసిన సంగతులు మాత్రమే నేను మళ్లీ మళ్లీ చదివానండీ. ఆగితే వేడెక్కుతుంది, కదిలితే దిగుతుంది. నీళ్లు తగ్గిపోతున్నాయి. హీటర్‌లో వేడి లేదు, యాక్సిలరేటర్ తొక్కితే కొంచెం వస్తుంది. ఇవి వేర్వేరు రోగాల్లా కనిపిస్తున్నాయి గానీ ఒకదాని వెంట ఒకటి వచ్చినవే అయ్యుండొచ్చు. అందుకని ముందే ఒక మాట చెప్తాను. ఫ్యాన్ తిరుగుతోందో లేదో, నీళ్లు ఎటు పోతున్నాయో తేలేదాకా ఇంజన్ విప్పడానికి ఎవరికీ సరే అనకండి. బండి ఉంచుకోవాలన్నా అమ్మాలన్నా మొదట తేలాల్సింది ఇదే.

గ్రిల్ వెనక మొదట ఉండేది ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్. దాని వెనకాలే రేడియేటర్. ఈ రెండింటి గుండా గాలిని లాగడానికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంటుంది, కొన్ని బండ్లలో రెండుంటాయి. బండి అరవై మీద పోతుంటే ఎదురుగాలే ఆ పని చేసేస్తుంది, ఫ్యాన్ చెడిపోయినా ఎవరికీ తెలియదు. సిల్క్ బోర్డు దగ్గర పావుగంట నిలబడిపోయినప్పుడే దాని అవసరం. అప్పుడు అది తిరగకపోతే రేడియేటర్‌లో నీళ్లు చల్లబడవు, కండెన్సర్‌లో గ్యాస్ కూడా చల్లబడదు. మీ ముల్లు ఎక్కడం, మీ ఏసీ చల్లదనం పోవడం రెండూ ఆగినప్పుడే జరుగుతున్నాయి, రెండూ కదిలితే సర్దుకుంటున్నాయి. ఏసీలో గ్యాస్ తగ్గిపోయి ఉంటే నడిచేటప్పుడు కూడా అంతంతమాత్రంగానే చల్లబడేది. నా అనుమానం గట్టిగా ఫ్యాన్ మీదే ఉంది.

మీవారికి ఇక్కడే ఒక సంగతి చెప్పండి. మదనపల్లెలో ఈ లోపం ఉన్నా బయటపడే అవకాశం తక్కువ. ఊరు దాటి పుంగనూరు వైపు తిరిగినా పీలేరు వైపు తిరిగినా రోడ్డు ఖాళీగా ఉంటుంది, బండికి గాలి తగులుతూనే ఉంటుంది. అదే బండి అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు పాకితే అన్నీ బయటికొస్తాయి. మీ నాన్నగారు పాడైన బండి అని తెలిసీ మీకు అంటగట్టారనడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారం కూడా లేదు. నాకు కనిపిస్తున్నది, జాగ్రత్తగా వాడుకున్న బండిని కూతురు సుఖపడాలని ఇచ్చిన తండ్రి.

ఫ్యాన్ సంగతి మీరే ఇంటి దగ్గర చూసుకోవచ్చు. బండి ఆరుబయట నీడలో నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ నడవనిస్తూ ఏసీ ఆన్ చేయండి. బానెట్ తెరిచి రెండడుగుల దూరం నుంచి చూడండి. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికే ఫ్యాన్ అందుకుంటుంది. నిమిషం, రెండు నిమిషాలు గడిచినా కదలకపోతే దొంగ దొరికినట్టే. చున్నీ, జడ, చేతులు మాత్రం దగ్గరికి పోనివ్వకండి. ఆ ఫ్యాన్ ఉన్నట్టుండి మొదలవుతుంది, కొన్ని బండ్లలో ఇంజన్ ఆపేశాక కూడా తిరుగుతుంది.

తిరగట్లేదు అంటే మోటారే పోయిందని కాదు. ముందు ఫ్యూజ్ చూడాలి, తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు. అదే రకం రిలే ఆ పెట్టెలోనే ఇంకో చోట ఉంటే రెంటినీ మార్చి పెట్టి చూడొచ్చు. తర్వాత మోటారు దగ్గర కనెక్టర్ కరిగిందేమో చూడాలి. ఇవన్నీ బాగుంటే మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడమని మెకానిక్‌ని అడగండి. అప్పుడు తిరిగితే మోటారు మంచిదే, లోపం దాని వెనకున్న వైరింగ్‌లోనో సెన్సర్‌లోనో ఉండొచ్చు. బద్ధకంగా తిరిగితే లోపల బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. ఏసీ వేస్తే తిరిగి, ఏసీ లేకుండా ఇంజన్ వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే టెంపరేచర్ సెన్సర్ మీద అనుమానపడాలి. ఫ్యూజ్, రిలే వందల్లో తేలే ఖర్చు, మోటారైతే వేలల్లోకి వెళ్తుంది. ఏదైనా 38,000 దరిదాపుల్లోకి రాదు.

ఫ్యాన్ చక్కగా తిరుగుతోంది అంటారా, అప్పుడు కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చిలైటు వేసి చూడమనండి. 11 ఏళ్ల దుమ్ము, ఆకులు, పురుగులు అక్కడ పేరుకుపోయి గాలి ఆడకుండా చేస్తాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి వచ్చేలా, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెట్టి కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి.

ఇక నీళ్ల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బండికి ఎక్కువ అన్యాయం జరిగింది ఇక్కడే అనిపిస్తోంది.

రేడియేటర్ మూత మామూలు మూత కాదు. కుక్కర్‌లో గాస్కెట్, వెయిట్ కలిసి ఆవిరిని పట్టి ఉంచినట్టు ఈ మూత లోపలి ప్రెషర్‌ని పట్టి ఉంచుతుంది. ఎంత ప్రెషరో దాని మీదే ముద్రించి ఉంటుంది, ఎక్కువగా 0.9 లేదా 1.1 అని కనిపిస్తుంది. ఆ ప్రెషర్ ఉన్నంతసేపు లోపలి ద్రవం 120 డిగ్రీల దాకా మరగకుండా ఉండగలదు. మూత రబ్బరు గట్టిపడి ప్రెషర్ వదిలేస్తుంటే ఆ రక్షణ పోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. చాలా కార్లలో ఫ్యాన్ మొదలయ్యేదే 95 డిగ్రీలకి అటూ ఇటూగా. అంటే కూలెంట్ లేకుండా ఉత్త నీళ్లు పోసి, మూత కూడా వదులైతే, ఫ్యాన్ అందుకునే సమయానికే లోపల నీళ్లు తెర్లడానికి సిద్ధంగా ఉంటాయి. తెర్లిన నీళ్లు రిజర్వ్ ట్యాంకులోకి పొంగి, అక్కడి నుంచి పైపు ద్వారా రోడ్డు మీదికి పోతాయి. ట్రాఫిక్‌లో ఉన్న మీకు అది కనిపించదు. మర్నాడు చూస్తే నీళ్లు తక్కువ.

ఇప్పుడు వరస చూడండి. ఫ్యాన్ తిరగలేదు, వేడెక్కింది. వేడెక్కితే పొంగింది, పొంగితే తగ్గింది. తగ్గిన చోట గాలి చేరింది. ఆ గాలి వెళ్లి చేరే చోటుల్లో ఒకటి హీటర్ కోర్, డ్యాష్‌బోర్డు వెనకుండే చిన్న రేడియేటర్. ఇంజన్‌లో వేడెక్కిన నీళ్లు దానిలో తిరిగితేనే మీకు వెచ్చటి గాలి. గాలి బుడగ అడ్డుపడితే, లేదా నీళ్లే తక్కువైతే, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, పంపు ఒత్తిడి చాలక నీళ్లు అక్కడిదాకా రావు. యాక్సిలరేటర్ తొక్కితే పంపు వేగంగా తిరిగి కాసిని నీళ్లు నెడుతుంది, కాస్త వేడి వస్తుంది. మీరు రాసింది అచ్చంగా ఇదే. హెడ్ గాస్కెట్ పేరెత్తకుండానే మీ లక్షణాలన్నీ ఇలా కలిసిపోతున్నాయి.

కుళాయి నీళ్ల గురించి కూడా. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్లు, లేకపోతే ట్యాంకర్ నీళ్లు. మీ బాత్‌రూమ్ కుళాయికీ, గీజర్ రాడ్డుకీ తెల్లగా పట్టే పొర మీరు చూసే ఉంటారు. అదే పొర రేడియేటర్ సన్నగొట్టాల్లో, ఇంకా సన్నటి హీటర్ కోర్‌లో పడుతుంది. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందులు ఉంటాయి, కుళాయి నీళ్లలో అవి ఉండవు. రిజర్వ్ ట్యాంకులో నీళ్లు ఎర్రమట్టి రంగులోకి తిరిగాయా? తిరిగితే లోపల తుప్పు మొదలైనట్టే. ఫ్లష్ చేయించి, మీ బండి మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించాలి. కలిపి అమ్మే కూలెంట్ కొంటే మళ్లీ నీళ్లు కలపకూడదు. ఆకుపచ్చదైనా ఎర్రదైనా రంగును బట్టి రకం తెలియదు, డబ్బా మీద రాసింది చదవాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి మిగిలిన డబ్బా పైన అందనంత ఎత్తులో పెట్టండి, పాతది వీధిలో పారబోయనివ్వకండి, కుక్కలు నాకుతాయి.

నింపే పద్ధతి కూడా ముఖ్యం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, మెల్లగా పోస్తూ, ఇంజన్ నడిపి, ఫ్యాన్ ఒకటి రెండుసార్లు వచ్చి ఆగేదాకా గాలి బయటికి పోనివ్వాలి. దీన్ని మెకానిక్‌లు ఎయిర్ తీయడం అంటారు, చాలామంది తొందరలో వదిలేస్తారు. ఎయిర్ తీయకపోతే కొత్త కూలెంట్ పోసినా మీ హీటర్ చల్లగానే ఉంటుంది.

థర్మోస్టాట్ మళ్లీ పెట్టించండి, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. లోపల మైనం ఉండే చిన్న వాల్వ్ అది. సుమారు 82 నుంచి 90 డిగ్రీల మధ్య కరిగి దారి తెరుస్తుంది, అప్పటిదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఇంజన్‌ని త్వరగా వెచ్చబెడుతుంది. అది లేకపోతే వాన పడిన పొద్దున ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. మీ హీటర్ చల్లబడటానికి ఇదీ ఒక కారణం. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పంపుతుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా అడ్డదారిలో తిరిగి, వేడి మరింత పెరుగుతుంది కూడా. మన ఊళ్లకి అక్కర్లేదన్నది పాత రోజుల నుంచి వస్తున్న అలవాటు మాట.

ఇంత చెప్పినా, హెడ్ గాస్కెట్ బాగానే ఉందని నేను మీకు హామీ ఇవ్వలేను. గాస్కెట్ పోతే సాధారణంగా ఎత్తు ఎక్కేటప్పుడు, హైవే మీద లాగేటప్పుడు కూడా వేడెక్కుతుంది, కదిలితే దిగడం దాని గుణం కాదు. కానీ నెలల తరబడి ముల్లు పైకి పోయిన బండిలో ఆ వేడికే గాస్కెట్ దెబ్బతిని ఉండొచ్చు. అందుకే పరీక్ష కావాలి. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగు జిగురు దట్టంగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో అని భయపడాలి. పల్చగా కొంచెం ఉంటే మాత్రం కంగారు పడకండి, రోజూ బడి దాకా వెళ్లొచ్చే బండ్లలో వానాకాలం అది మామూలే. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, మీద ఆయిల్ కూడా అదే రంగులో ఉందేమో చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా, రిజర్వ్ ట్యాంకులో బుడగలు వస్తూనే ఉన్నాయా, స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్ పై హోస్ పైపు రాయిలా బిగుసుకుంటోందా, ఇవి అసలు గుర్తులు.

వర్క్‌షాప్‌లో రెండు టెస్టులు పేరు పెట్టి అడగండి. ఒకటి ప్రెషర్ టెస్ట్. రేడియేటర్ మూత చోట చేతిపంపు బిగించి, మూత మీద రాసినంత ప్రెషర్ ఎక్కించి కాసేపు వదిలేస్తారు. గేజ్ ముల్లు పడిపోతే ఎక్కడో లీకు ఉంది, టార్చి పట్టుకుని రేడియేటర్ ప్లాస్టిక్ అంచులు, హోస్ క్లిప్పులు, వాటర్ పంపు కింద చారలు వెతకాలి. అదే పంపుతో మూతని కూడా పరీక్షించమనండి. రెండోది గ్యాస్ టెస్ట్. రేడియేటర్ మూతి మీద నీలిరంగు ద్రవం ఉన్న గాజు గొట్టం పెట్టి ఇంజన్ నడుపుతారు. ఇంజన్‌లో కాలిన గ్యాస్ నీళ్లలోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. కళ్ల ముందు రంగు మారితే గాస్కెట్ సంగతి ఇక వాదించక్కర్లేదు. మారకపోతే ఇంకోసారి, ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు చేయించండి, చిన్న లీకు మొదటిసారి దొరకకపోవచ్చు.

‘సార్‌ని తీసుకురండి’ అన్న చోటికి మళ్లీ వెళ్లకండి, ఇది నా మనసులో మాట. బండి నడిపేది మీరు, ముల్లు ఎప్పుడు ఎక్కిందో చూసింది మీరు. మీవారు పక్కనుంటే మంచిదే, కానీ ఆయన లేకపోతే సమాధానం చెప్పనన్న మనిషికి ఇంజన్ విప్పే పని అప్పగించడం నాకు నచ్చదు. కొత్త చోటికి వెళ్లి, ‘ప్రెషర్ టెస్ట్, గ్యాస్ టెస్ట్ నా ముందు చేయండి, దానికెంతో చెప్పండి, రిజల్ట్ బిల్లు మీద రాసివ్వండి. మిగతాది తర్వాత మాట్లాడదాం’ అని చెప్పండి. బెంగళూరులో తెలుగు తెలిసిన మెకానిక్‌లకి కొదవ లేదు, అవసరమైతే తెలుగులోనే అడగండి.

టెస్టుల్లో గాస్కెట్ బాగుందని తేలితే ఫ్యాన్, మూత, థర్మోస్టాట్, ఫ్లష్, కూలెంట్, ఇవి చేయించుకుని బండి ఉంచుకోవడం తేలిక. ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే 92,000 కిలోమీటర్లు పెట్రోల్ బండికి పెద్ద లెక్క కాదు. హీటర్ అప్పటికీ చల్లగానే ఉంటే కోర్ పూడుకుపోయి ఉండొచ్చు, దాన్ని విడిగా ఫ్లష్ చేయించాలి. కోర్ మార్చాలంటే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి, లేబర్ ఎక్కువవుతుంది. బెంగళూరులో ఉంటూ హీటర్ లేకుండా నెట్టుకురావచ్చు కాబట్టి అది తొందరపడి తీసుకోవాల్సిన నిర్ణయం కాదు.

గాస్కెట్ పోయిందని రుజువైతే రెండు దారులున్నాయి. బాగు చేయించేట్టయితే గాస్కెట్ ఒక్కటి మార్చి మూసేయకూడదు. హెడ్ వంగిందేమో కొలిపించాలి, వంగితే చదును చేయించడానికి మెషినింగ్‌కి పంపాలి. కొన్ని ఇంజన్లలో హెడ్ బోల్టులు కూడా కొత్తవే వాడాలి. ఎలాగూ విప్పారు కాబట్టి వాటర్ పంపు సంగతి అప్పుడే చూడాలి. ఎస్టిమేట్‌లో ఇవి ఉన్నాయో లేదో ముందే అడగండి, లేకపోతే మీ 38,000 మధ్యలో పెరుగుతుంది. ఫ్యాన్ సరిచేయకుండా గాస్కెట్ మార్చారనుకోండి, మళ్లీ ఎండాకాలానికి అదే సిగ్నల్లో అదే కథ. ఈ ఖర్చు బండి ధరలో సగానికి చేరుతుంటే అమ్మడం గురించి ఆలోచించడంలో తప్పు లేదు.

అమ్మితే ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. ధర తగ్గుతుంది, కానీ కొన్నవాళ్లు పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద ఆగిపోతే ఆ భారం మీ మీద ఉండదు. ఫ్యాన్, కూలెంట్ సరిచేసి, టెస్ట్ బిల్లులు చూపించి అమ్మితే ధర మెరుగ్గా ఉంటుంది. ఒక కాగితం పని కూడా చూసుకోండి. బండి ఇంకా ఏపీ నంబరుతోనే ఉంటే, వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెప్తుంది, కర్ణాటకలో ట్యాక్స్ కూడా కట్టాలి. ఈ పని మిగిలి ఉంటే అమ్మే ధర మీద, ఉంచుకునే ఖర్చు మీద రెంటి మీదా దాని ప్రభావం పడుతుంది. మీవారితో లెక్క వేసేటప్పుడు ఇది మరవకండి.

నీళ్లు కారే చోట పసుపు వేస్తే ఆగుతుందనీ, లీక్ పౌడర్ వేయమనీ ఎవరైనా చెప్తే వద్దనండి. లారీ డ్రైవర్లు అర్ధరాత్రి ఘాట్ మీద ఆగిపోతే వాడే ఉపాయం అది. లీకుతో పాటు మీ హీటర్ కోర్‌ని కూడా పూడుస్తుంది.

తిరుమల సంగతికి వస్తాను. ఇప్పుడున్న స్థితిలో బండి కొండకి వద్దు, మదనపల్లెకీ వద్దు. మదనపల్లె నుంచి తిరుపతి వెళ్లాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి. తర్వాత అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో ఇంజన్ నడుస్తూ నిలబడాలి, ఆ వెంటనే రెండో ఘాట్ రోడ్డు ఎక్కాలి. తక్కువ వేగం, ఎక్కువ లోడ్, లోపల పెద్దవాళ్లు, పసివాడు. చల్లబరిచే వ్యవస్థకి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. నెల రోజుల టైమ్ ఉంది కాబట్టి ముందు రిపేరు చేయించి, వారం రోజులు ఆఫీసుకి నడిపి, నీళ్ల మట్టం తగ్గట్లేదని చూసుకుని, ఆ తర్వాత ఒక రోజు పొద్దున నంది కొండ ఎక్కి దిగండి. ముల్లు సగం దాటకపోతే, చల్లబడ్డాక మట్టం అదే గీత దగ్గర ఉంటే, ధైర్యంగా వెళ్లండి. పని అప్పటికి పూర్తి కాకపోతే అద్దె బండి మాట్లాడుకోండి. లేదంటే తిరుపతి దాకా ఎలాగో చేరి, కొండ మీదికి ఆర్టీసీ బస్సు ఎక్కండి, పుట్టువెంట్రుకల వేడుకకి ఏ లోటూ రాదు.

ఈలోగా ట్రాఫిక్‌లో ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ పూర్తి స్పీడ్ మీద పెట్టి కిటికీలు దించమని అందరూ చెప్తారు. ఇంజన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది, మంచి ఉపాయమే. మీ విషయంలో దాన్ని నమ్మకండి. మీ హీటర్‌కి నీళ్లే చేరట్లేదు కాబట్టి అది వేడిని లాగదు. ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. అంతదాకా పైనున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయినా సంతోషించకండి. సెన్సర్ చుట్టూ నీళ్లు లేనప్పుడు కూడా అలా పడుతుంది. అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు, పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా మూత ముట్టుకోవద్దు. ఆ ఆవిరికి ముఖాలు కాలిన వాళ్లున్నారు. వేడి ఇంజన్ మీద చల్లనీళ్లు పోయడం కూడా వద్దు, లోహం పగులుతుంది.

నాన్నగారికి ఫోన్ చేయండి. ఆయన మనసు నొచ్చుకుంటుందని మీరు దాస్తున్నారు గానీ, ఆ బండి చరిత్ర తెలిసిన మనిషి ఆయనొక్కరే. కూలెంట్ చివరిసారి ఎప్పుడు మార్పించారు, రేడియేటర్ ఎప్పుడైనా విప్పారా, ఎండాకాలంలో ఎప్పుడైనా హీటెక్కిందా, పాత బిల్లులు ఉన్నాయా అని అడగండి. బాగు చేయించడానికి సలహా కోసం అడుగుతున్నారని తెలిస్తే ఆయన బిల్లులన్నీ వెతికి పెడతారని నా నమ్మకం. ఒకవేళ అమ్మాల్సి వస్తే, అప్పటికి ఆయన కూడా ఆ నిర్ణయంలో భాగమై ఉంటారు. అది మీవారి నోటి నుంచి వినడం కంటే మీరు ముందే చెప్పడం మేలు.

చివరగా రేపు పొద్దున సంగతి, ఎందుకంటే పిల్లలతో మసక అద్దం వెనక మీరు నడుపుతున్నారన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కంగారు పెట్టింది. ఆవిరి పోవడానికి హీటర్ తప్పనిసరి కాదు. ఏసీ ఆన్ చేసి, గాలిని ముందద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చే బటన్ పెట్టండి, లోపలి గాలే తిరిగే బటన్ మీద ఉంచకండి. ఏసీ గాలిలో తేమని పీల్చేస్తుంది, అద్దం కాసేపట్లో తేటపడుతుంది. బడి దాకా పొద్దున ట్రాఫిక్ పలచగా ఉంటే ఏసీ వల్ల ముల్లు ఎక్కే భయం తక్కువే, అయినా ఒక కన్ను దాని మీద ఉంచండి. అద్దం మీది తేమ వేలితో తుడిస్తే జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉందా, ఎడమ సీటు కింద కార్పెట్ తడిగా ఉందా, అది కూడా చూడండి. ఉత్త నీళ్ల తడి అయితే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు, కానీ మీ బండిలో ఇప్పుడున్నది ఎక్కువగా కుళాయి నీళ్లే కాబట్టి హీటర్ కోర్ లీకును కూడా కొట్టిపారేయలేం. జిగటగా ఉంటే హీటర్ కోర్ లోపలికే కారుతోంది, మీ అర లీటరులో కొంత పోతున్న చోటు అదే.